పంపు పోయిందనే ముందు

పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గాని అందుకోదు. ఇంకోసారి, మరోసారి, బ్యాటరీ నీరసపడేదాకా. పిలిస్తే వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి చెప్పే మాట పాత డీజిల్ కార్లున్న వాళ్లకు కంఠతా వచ్చు: "పంపు పోయింది సార్." పంపు దింపారంటే రెండు మూడు రోజులు బండి షెడ్డులోనే, ఆ పైన బిల్లు. తీరా చూస్తే, డీజిల్ ఫిల్టరు దగ్గర రబ్బరు వాషరు ఎండి, సందులోంచి గాలి లాగుతూ ఉంటుంది. ఆ వాషరు పదో పాతికో చేస్తుంది.

చెప్పినవాడు మోసగాడు కానక్కరలేదు. రోజుకు పది బండ్లు చూసేవాడికి పైపు పైపునా వేలు పెట్టి వెతికే తీరిక ఉండదు. ఆ తీరిక ఉన్నది ఆదివారం పూట బండి యజమానికే. పాత డీజిల్‌ను ఇంట్లో చూసుకోవడమంటే పెద్ద పనులు నేర్చుకోవడం అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో సింహభాగం, చవకైన అనుమానాలను వరసగా తీర్చుకుంటూ పోవడమే. ఖరీదైన అనుమానం ఆఖరున రావాలి.

మొదట తేల్చుకోవలసింది ఇంట్లో ఉన్న బండి ఏ తరానిదని. మన దేశంలో తయారైన కార్లకు డీజిల్ రుచి చూపించింది 1980 ప్రాంతపు అంబాసడర్. దాన్ని ఇంటింటి బండి చేసింది మాత్రం 1998 చివర్లో వచ్చిన టాటా ఇండికా. ఇండికా, పాత సుమో, క్వాలిస్, జీపులు ఒక తరం. వీటిలో పంపు పూర్తిగా యంత్రమే. ఎంత డీజిల్, ఎప్పుడు వెళ్లాలన్నది లోపలి స్ప్రింగులూ ప్లంజర్లే నిర్ణయిస్తాయి. 2005లో ఇన్నోవా, 2007లో డీజిల్ స్విఫ్ట్ వచ్చాక నడిచింది కామన్ రైల్ తరం. వీటిలో నాజిళ్లన్నిటికీ డీజిల్ 'రైలు' అనే ఒకే ఉమ్మడి పైపు నుంచి అందుతుంది. ఆ స్విఫ్ట్‌లోని 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజన్ ఎన్ని కంపెనీల బండ్లలోకి ఎక్కిందంటే, దానికి 'జాతీయ ఇంజన్' అనే ముద్దుపేరు వచ్చింది. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి దాన్ని ఆపేసింది గాని, రోడ్ల మీద డిజైర్లూ రిట్జ్‌లూ ఇంకా లెక్కలేనన్ని.

ఈ తేడా తెలియకుండా పానా పట్టుకోకూడదు. పాత మేస్త్రీలు ఇంజన్ నడుస్తుండగానే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, ఏ సిలిండరు పని చేయడం లేదో కనిపెట్టేవారు. నట్టు వదిలినా ఇంజన్ శబ్దం మారకపోతే ఆ సిలిండరే దొంగ. మెకానికల్ పంపు బండ్ల మీద నడిచిన పద్ధతి అది. కామన్ రైల్ బండి మీద అదే పని చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ రైలు పైపులో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. కొన్నిట్లో 1600 దాకా పోతుంది. సన్నని సందులోంచి చిమ్మిన డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, డీజిల్ ఇంజెక్షన్ గాయమని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. కామన్ రైల్ బండిలో హై ప్రెషర్ పంపు నుంచి నాజిళ్ల దాకా ఉన్న ఇనప పైపుల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కేస్తే ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. బండి లేవడానికి కావలసినవి ఇంతే: గాలిని వేగంగా నొక్కగలిగే సెల్ఫ్, చల్లటి ఇంజన్‌కు కాస్త వేడి, గాలి బుడగ లేని డీజిల్. లేవని బండి దగ్గర వెతుకులాట ఈ మూడింటి చుట్టూనే తిరగాలి.

బ్యాటరీతో మొదలుపెట్టడం తేలిక. మూడు నాలుగు వందల మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ ముసలిదైనా అయ్యుండాలి, టెర్మినళ్లకు పాచి అయినా పట్టుండాలి. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య లేకపోతే ఆల్టర్నేటర్ సంగతి చూసుకోవాలి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగను చాలామంది మరిచిపోతారు. అది తుప్పు పడితే కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ ఈడుస్తూనే ఉంటుంది. పెట్రోలు బండి ఈడ్పు సెల్ఫ్‌తోనూ ఒక్కోసారి లేస్తుంది. డీజిల్ లేవదు, మెల్లగా నొక్కితే గాలి వేడి సిలిండరు గోడలకే పోతుంది.

రెండోది హీటర్ ప్లగ్గులు. తాళం తిప్పగానే మీటర్లో వెలిగే స్ప్రింగు బొమ్మ లైటు వాటిదే. ఇండికా లాంటి పాత ఇంజన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో మండి, తర్వాత పిస్టన్ మీదికి వస్తుంది. ఆ గది గోడలు వేడిని తినేస్తాయి కాబట్టి విశాఖ డిసెంబరు చలికే వీటికి హీటర్ అవసరపడుతుంది. స్విఫ్ట్ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో రెండు ప్లగ్గులు పోయినా కోస్తాలో ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. లంబసింగికో అరకుకో పోయి రాత్రి ఆగినప్పుడు తెల్లారి ఆ రహస్యం బయటపడుతుంది. పరీక్ష సులువే. ప్లగ్గు తీగ ఊడదీసి, మీటరును ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు కొనకీ ఇంజన్ ఇనుముకీ తాకిస్తే ఒకటి రెండు ఓమ్స్ లోపు చూపాలి. అసలు కదలకపోతే ఆ ప్లగ్గు చచ్చినట్టే. విప్పేటప్పుడు మాత్రం ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. ముందురోజు రస్ట్ స్ప్రే కొట్టి ఉంచాలి. బిగుసుకున్న ప్లగ్గును బలంతో తిప్పితే విరిగి సగం హెడ్‌లోనే ఉండిపోతుంది, ఆ తర్వాత హెడ్ దింపక తప్పదు. తిరగనంటే వదిలేసి లేత్ పని తెలిసినవాడి దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట: పాత ప్లగ్గులు 12 వోల్టులవి, కొత్త తరంలో కొన్ని అంతకన్నా తక్కువ వోల్టులవి. వాటిని నేరుగా బ్యాటరీకి తగిలించి "ఎర్రబడుతుందా" అని చూస్తే అక్కడికక్కడే కాలిపోతాయి.

ఇక డీజిల్ దారి. పాత బండ్ల రోగాల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త నిదానించాలి.

డీజిల్ టాంకు నుంచి పంపు దాకా చాలా పాత బండ్లలో పీల్పు మీదే వస్తుంది. అందుకే పైపు ఎక్కడ పగిలినా డీజిల్ బయటికి కారాలనేమీ లేదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కూడా పడదు, బండి మాత్రం లేవదు. "ఎయిర్ పట్టింది" అనేది దీన్నే. రాత్రి ఆపినప్పుడు బాగున్న బండి తెల్లారి మొరాయించి, ఒకసారి లేచాక రోజంతా మామూలుగా నడిస్తే ముందు అనుమానించాల్సింది గాలినే. రాత్రంతా సందులోంచి గాలి చేరి డీజిల్ వెనక్కి టాంకులోకి జారిపోతుంది. పట్టుకోవడానికి ఓ చిట్కా ఉంది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య రబ్బరు పైపు బదులు జానెడు డీజిల్ తట్టుకునే పారదర్శక పైపు తాత్కాలికంగా వేసి, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. బుడగలు కనిపిస్తే అక్కడి నుంచి టాంకు వైపు ఒక్కో జాయింటూ వెతకాలి. సాధారణంగా దొరికేవి ఎండి పగిలిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, ఫిల్టరు మీది వాషరు, చీలిన హ్యాండ్ ప్రైమర్ బల్బు.

గాలి తీయడం పిల్లలకు నేర్పినా వస్తుంది. ఫిల్టరు పైన చిన్న బ్లీడ్ స్క్రూ ఉంటుంది. దాన్ని ఒక చుట్టు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, ప్రైమర్ నొక్కుతూ పోవాలి. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి ధారగా డీజిల్ వస్తాయి. ధార వచ్చాక, ప్రైమర్ నొక్కి పట్టుకునే స్క్రూ బిగించాలి. మెకానికల్ పంపు బండి అప్పటికీ లేవకపోతే, నాజిల్ దగ్గరి నట్లు అర చుట్టు వదిలి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, తడి కనిపించగానే ఒక్కొక్కటే బిగించవచ్చు. కామన్ రైల్ బండికి ఈ రెండో దశ లేనే లేదు.

ఫిల్టరు మార్పు కన్నా నీళ్లు తీయడం ముఖ్యం, దాన్నే ఎవరూ చేయరు. ఫిల్టరు అడుగున ప్లాస్టిక్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదిలి ఒక గాజు గ్లాసులో కొంచెం పట్టి కదలకుండా ఉంచితే, నీళ్లుంటే అడుగున విడిగా నిలబడతాయి. వానాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో ఇంజనాయిల్ మార్చినప్పుడల్లా ఇది చేస్తే పంపు ఆయుష్షు పెరుగుతుంది. కారణం సూటిగా ఉంది. ఇండికా తరహా రోటరీ పంపుకు ఇంజనాయిల్ అందదు. దాని లోపలి ప్రతి భాగాన్నీ తడిపేది ఆ డీజిలే. అందులో నీళ్లు కలిసినా, కిరోసిన్ కలిసినా, ఇనుము ఇనుము రాసుకుంటాయి. జీపుల పాత ఇన్‌లైన్ పంపులకు కామ్ గదిలో సొంత నూనె ఉండేది, అందుకే అవి అంత మొండివి. వాటిని మన మేస్త్రీలు ఇప్పటికీ మైకో పంపులనే అంటారు. ఆ కంపెనీ 2008లోనే బాష్‌గా పేరు మార్చుకున్నా మేస్త్రీలు మాత్రం మార్చుకోలేదు.

కామన్ రైల్ బండికి కొత్త ఫిల్టరు బిగించేటప్పుడు డబ్బాలోంచి డీజిల్ పోసి నింపే అలవాటు మానుకోవాలి. పోసిన డీజిల్ వడపోత దాటిన వైపు పడితే, అందులోని నలక నేరుగా నాజిల్‌లోకి పోతుంది. అక్కడి సందులు వెంట్రుక కన్నా సన్నం. ఖాళీ ఫిల్టరు బిగించి ప్రైమర్‌తోనే నింపాలి. ప్రైమర్ లేని బండ్లలో టాంకులో మోటారు ఉంటుంది. తాళం నాలుగైదుసార్లు వేసి తీస్తే అదే నింపుతుంది.

ఇవన్నీ చూశాక కూడా మెకానికల్ పంపు బండి లేవకపోతే, పంపు మీద ఒంటరిగా ఒక తీగ వచ్చి తగిలిన చిన్న డబ్బా ఉందేమో చూడాలి. అది స్టాప్ సోలినాయిడ్. తాళం వేయగానే "టిక్" మనాలి. అనకపోతే తీగలో కరెంటు వస్తోందో లేదో మల్టీమీటరుతో తేల్చుకోవాలి. కాలిన ఫ్యూజు వల్ల పంపు దింపిన కథలు ఏ ఆటోనగర్‌లో అడిగినా చెబుతారు. సోలినాయిడ్ కూడా టిక్‌మంటుంటే, ఇప్పుడు పంపును అనుమానించే హక్కు వచ్చినట్టు. దాన్ని ఇంట్లో విప్పకూడదు. కాలిబ్రేషన్ మిషన్ ఉన్న డీజిల్ పంపు వర్క్స్‌కే ఇవ్వాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దానికోసమే ఉన్న షెడ్లుంటాయి. మామూలు మెకానిక్ "నేనే విప్పి సర్వీస్ చేస్తా" అంటే మర్యాదగా వద్దనాలి.

లేచిన బండి తన ఆరోగ్యాన్ని సైలెన్సర్‌తో చెబుతుంది. నల్ల పొగ వస్తుంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదన్నమాట. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. మన మట్టి రోడ్ల మీద కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా అది ఆగదు. టర్బో బండి అయితే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే లావు రబ్బరు పైపులు తడమాలి. పైపు అడుగువైపు చీలిక కంటికి కనపడదు. పికప్ తగ్గి, ఎక్సలేటర్ తొక్కితే బుస్సుమనే శబ్దం, వెనక నల్ల మబ్బు. ఆ తర్వాతి అనుమానం మసి పట్టిన ఈజీఆర్ వాల్వు. విప్పి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో తోమితే చాలాసార్లు బాగుపడుతుంది. దాన్ని రేకుతో మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులో ఉంటారు. కాలుష్య నియంత్రణ కోసం పెట్టినదాన్ని మూయడం నిబంధనలకు విరుద్ధం.

తెల్ల పొగ పొద్దున్న కాసేపు వచ్చి ఆగిపోతే హీటర్ ప్లగ్గుల పని. ఆగకుండా వస్తూ, తియ్యటి వాసన వేస్తూ, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్. నీలం పొగంటే ఇంజనాయిల్ మండుతోందని. రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో. ఇది ఇంటి పని కాదు.

నీలం పొగ దగ్గర ఒక హెచ్చరిక. టర్బో సీలు పోయి ఇంజనాయిల్ గాలిదారిలోకి కారితే, లేదా ఆయిల్ గీత దాటి పోస్తే, ఇంజన్ ఆ నూనెనే ఇంధనంగా తాగుతూ దానంతటదే వేగం అందుకుంటుంది. తాళం తీసినా ఆగదు. మాన్యువల్ గేరు బండిలో ఉన్నవాళ్లు కంగారు పడకుండా బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను ఆర్పేయాలి. కుదరకపోతే దూరంగా పోవాలి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టడం మాత్రం చేయకూడదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడం గురించే జనం ఆలోచిస్తారు, పెరగడం ఇంకా చెడ్డది. డీజిల్ ఆయిల్లోకి దిగుతోందని దానర్థం కావచ్చు.

ఆయిల్ రంగు చూసి బెంబేలెత్తనక్కరలేదు. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ పోసిన రోజే మసి కలిసి నల్లబడుతుంది. చూడాల్సింది కిలోమీటర్లూ, నెలలూ. మల్టీజెట్ విషయంలో ఈ పట్టింపు మరీ అవసరం. దానికి టైమింగ్ బెల్టు బదులు చెయిన్ ఉంటుంది, ఆ చెయిన్‌ను బిగువుగా ఉంచేది ఆయిల్ ఒత్తిడే. ఆయిల్ మార్పు వాయిదా వేస్తే చెయిన్ సాగుతుంది. పొద్దున్నే లేవగానే ముందు వైపు నుంచి గలగలమని శబ్దం వచ్చి ఆగితే అది చెయిన్ గోల, నిర్లక్ష్యం చేస్తే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఇన్నోవా, క్వాలిస్‌లకు బెల్టు. దాన్ని మాన్యువల్ చెప్పిన లెక్క ప్రకారం, బాగున్నట్టు కనిపించినా సరే, మార్చాల్సిందే. ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు, ఫిల్టరు రబ్బరుకు నాలుగు చుక్కల ఆయిల్. డబ్బా ఫిల్టరును చేత్తోనే బిగించాలి, రబ్బరు తాకాక ముప్పావు చుట్టు చాలు.

నీళ్ల సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. బోరు నీళ్లు రేడియేటర్లో పోయడం తెలుగు జిల్లాల్లో పాత జబ్బు. బిందెలకు పట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఏసీ వేసి నడిపినప్పుడో, ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడో దాని ఫలితం తెలుస్తుంది. కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో సమానంగా కలిపి పోయాలి, లేదా కలిపి అమ్మేదే కొనాలి. వేడి మీద మూత తీయకూడదు. ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణంలో ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే వైద్యం కూడా మన షెడ్లలో ఉంది. అలా చేస్తే ఇంజన్ కావలసిన వేడికి చేరదు, మైలేజీ పడిపోతుంది, మసి పెరుగుతుంది. అసలు కారణం ఫ్యానులోనో రేడియేటర్‌కు పట్టిన పొరలోనో అలాగే ఉండిపోతుంది.

కామన్ రైల్ యజమానులకు ఇంట్లోనే చేయగల మంచి పరీక్ష ఒకటుంది. ప్రతి ఇంజెక్టరు పైనా మిగిలిన డీజిల్ వెనక్కి పోయే సన్నని రిటర్న్ గొట్టం ఉంటుంది. ఇందులో పీడనం తక్కువ. బండి ఆపి ఉన్నప్పుడు ఆ గొట్టాలు ఊడదీసి, నాలుగు ఒకేలాంటి సీసాల్లోకి విడివిడిగా పైపులు పెట్టి, ఊడిన రిటర్న్ లైను మూసేసి, ఇంజన్‌ను కొద్ది నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. మూడు సీసాల్లో సమానంగా వచ్చి నాలుగోది గబగబా నిండితే, అరిగిన ఇంజెక్టరు అదే. నాలుగూ మార్చాలన్న ఎస్టిమేట్ ముందు ఈ సీసాలు పెడితే సంభాషణ మారిపోతుంది. 2013 ఏప్రిల్ తర్వాతి బండి అయితే ఓబీడీ స్కానరు కూడా పనికొస్తుంది, కానీ చవక బ్లూటూత్ రకాలు అన్నీ చదవవు. అది చూపే కోడ్ ఆచూకీ మాత్రమే ఇస్తుంది. రైల్ ప్రెషర్ తక్కువని కోడ్ వస్తే కారణం మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరే కావచ్చు.

బండి కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. బరువు మీద పడితే చెప్పకుండా చిట్లుతాయి. జత జాకీ స్టాండ్లు కొన్న తర్వాతే మిగతా పనిముట్ల లెక్క. తీసిన పాత ఆయిల్‌ను చెదలకని గుంజలకు పూయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం మన ఊళ్లలో మామూలే. అందులో క్యాన్సర్ కారకాలున్నాయి, వానకు అది బావిలోకే దిగుతుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ డ్రమ్ము ఉన్న సర్వీస్ సెంటరుకు ఇచ్చేయాలి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి.

చివరికి మిగిలేది కాగితాల పని. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో ఆంక్షలు మొదలయ్యాయి. అక్కడి కార్లు సెకండ్ హ్యాండ్‌లో దక్షిణాదికి రావడానికి అదొక కారణం. అలాంటిది కొనేవాళ్లు ఇంజన్ కన్నా ముందు ఎన్‌ఓసీ చూడాలి. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే బండిని చూపించి ఆర్‌సీ అయిదేళ్లకు పొడిగించుకోవాలి. పొగ పరీక్షలో బీఎస్-4 బండికి పరిమితి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు పాతవాటికి 65. పరీక్షకు చల్లటి ఇంజన్‌తో పోతే బాగున్న బండి కూడా తప్పుతుంది. కొత్త ఎయిర్ ఫిల్టరు వేసి, హైవే మీద అరగంట నాలుగో గేరులో గట్టిగా లాగించి, సైలెన్సర్‌లో పేరుకున్న మసి పోయాక, ఇంజన్ వేడి మీద ఉండగానే నేరుగా పరీక్ష కేంద్రానికి తోలుకుపోవాలి.